ముందు కొడుకు, తర్వాత కూతురు

మా కుటుంబ చట్టం మాస్టారికి మేం పెట్టుకున్న పేరు డస్టర్ సార్. మిగతా మాస్టార్లకి సుద్దముక్కలు అరిగిపోతే ఈయనకి డస్టర్ అరిగిపోతుంది. మొదటి క్లాసులోనే ఒక్కొక్కరినీ బోర్డు దగ్గరికి పిలిచి, "మీ ఇంట్లోవాళ్ళు ఎవరెవరో గీసి చూపించండి. మనిషికో చుక్క, బంధానికో గీత" అంటారు. గీశాక డస్టర్ పట్టుకుని పక్కన నిలబడతారు. "చట్టానికి కనపడే గీతలు మూడే మూడు. పుట్టుక, పెళ్ళి, దత్తత. మిగతావన్నీ ప్రేమలు, అలవాట్లు, మొహమాటాలు. మంచివే, కానీ కోర్టు కళ్ళకి ఆనవు" అని చెప్పి, ఆననివన్నీ తుడిచేస్తారు.

ఆ రోజు క్లాసంతా పగలబడి నవ్వుతున్నాం. ముందు బెంచీ అబ్బాయి వాళ్ళ కుక్కని సొంత తమ్ముడికంటే పైన గీశాడు. తుడిచేశారు. ఒకమ్మాయి పక్కింటి పిన్నిని గీసింది. "పిన్నీ అని పిలిచినంత మాత్రాన పిన్ని అయిపోదమ్మా" అని తుడిచేశారు. ఇంకో మహానుభావుడు చేసుకోబోయే పిల్లని గీశాడు. "చేసుకున్నాక గీద్దువుగాని" అన్నారు సార్. ఆ పిల్ల మూడో వరసలోనే కూర్చుని ఉంది, తనని అడగకుండా గీసినందుకు వాడికేసి కొరకొరా చూస్తోంది. నేనైతే నవ్వలేక పొట్ట పట్టుకున్నాను. ఆ తర్వాత నా వంతు వచ్చింది.

పైన నానమ్మ. నానమ్మ కింద ఆవిడ కొడుకు, అంటే నన్ను కన్నాయన. నేను సరిగ్గా మాటలు నేర్చుకోకముందే పోయారు, నాకు ఫోటోలోనే తెలుసు. ఆయన పక్కన అమ్మ, కింద నేను. అమ్మకి ఇంకోపక్కన నాన్న. నేను నాన్నా అని పిలిచేది ఈయన్నే. నాకు ఐదేళ్ళప్పుడు అమ్మ ఈయన్ని పెళ్ళి చేసుకుంది. నేను స్కూల్లో చదువుతుండగానే అమ్మ కూడా పోయింది. అప్పట్నుంచి ఇంట్లో మేమిద్దరమే. పోయినవాళ్ళిద్దరి చుక్కల చుట్టూ చిన్న సున్నాలు చుట్టి, నాన్న నుంచి నా దగ్గరికి ఒక గీత లాగాను.

"ఈ గీతేంటి?" అన్నారు సార్.

"మా నాన్నండి."

"కన్నారా?"

"లేదండి, పెంచారు."

"దత్తత తీసుకున్నారా?"

"ఇంట్లో ఉన్న పిల్లని దత్తతేంటి సార్, ఫ్రిజ్జులో పాలని మళ్ళీ కొనుక్కున్నట్టు?"

క్లాసు గొల్లుమంది. సార్ కూడా నవ్వారు. నవ్వుతూనే డస్టర్ నా చేతికిచ్చారు. "అయితే తుడిచెయ్."

నాది ముక్కు మీద కోపం. అమ్మ పోలికంటారు కొందరు, నానమ్మ పోలికంటారు కొందరు, నేను మాత్రం సొంత సంపాదనంటాను. "తుడవను" అన్నాను.

"నేను తుడవమనడం లేదమ్మా, చట్టం అంటోంది."

"అయితే చట్టాన్నే వచ్చి తుడుచుకోమనండి!" అని సుద్దముక్క తీసుకుని ఆ గీత మీదే ఇంకోసారి దిద్దాను, సుద్దముక్క రెండు ముక్కలయ్యేదాకా. సార్ నా చేతిలోంచి డస్టర్ తీసుకుని ఆ గీత మీద ఒక్కసారి తిప్పారు, అంతే. నాన్న చుక్క ఒక్కటే ఓ మూలకి మిగిలిపోయింది. ఆయన అనాథాశ్రమంలో పెరిగాడు, తల్లీ తండ్రీ ఎవరో తెలియదు. పైకీ గీత లేదు, కిందికీ లేదు.

అప్పుడు అర్థమైంది నాకు ఆస్పత్రి సంగతి. నాన్న లిఫ్టు మెకానిక్. కిందటి వానాకాలం పని చేస్తూ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. తల్లో దెబ్బ కూడా తగిలిందేమోనని లోపలికి తీసుకెళ్ళారు. నన్ను మాత్రం బల్ల దగ్గరావిడ ఆపేసింది. "మీరు ఏమవుతారు?" అంది. కూతుర్నన్నాను. కంప్యూటర్‌లో చూసి, "కాదే" అంది. చట్టప్రకారం దగ్గరివాళ్ళెవరైనా ఉంటే పిలవమంది. పొద్దున్నించి సాయంత్రం దాకా బయట బెంచీ మీద కూర్చుని ఆవిణ్ణి తిట్టని తిట్టు తిట్టాను. పాపం ఆవిడ తప్పేం లేదు. ఆవిడా డస్టర్ పట్టుకునే కూర్చుంది.

కళ్ళలో నీళ్ళు ఎవరికీ కనపడకుండా బ్యాగు తీసుకుని తలుపు దగ్గరికి నడిచాను. "మూడో గీత ఉందిగా అమ్మా, దత్తత!" అన్నారు సార్ వెనకనించి. "పెద్దవాళ్ళని కూడా తీసుకోవచ్చు, కానీ..."

ఆ 'కానీ' తర్వాత ఏమన్నారో నాకు తెలీదు. అప్పటికే నేను మెట్ల మీదున్నాను.

ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాను. మాది కింది వాటా. రోజంతా పైకీ కిందికీ తిరిగేవాడికి ఇంట్లోనైనా కాళ్ళు నేల మీద ఉండాలని నాన్న పట్టుబట్టి తీసుకున్నాడు. వెళ్ళేసరికి ఇస్త్రీ చేస్తున్నాడు. రొప్పుతూనే చెప్పాను.

"నాన్నా, నన్ను దత్తత తీసుకో!"

ఆయన ఇస్త్రీపెట్టె పైకెత్తి పట్టుకుని నన్ను కిందికీ పైకీ చూశాడు. "ఎవర్ని కొట్టావ్?"

"ఎవర్నీ కొట్టలేదు."

"మరి కాలేజీవాళ్ళు సంతకానికి రమ్మన్నారా?"

"అబ్బా, అది కాదు నాన్నా!" అని బోర్డు దగ్గర జరిగిందంతా చెప్పాను. గీత తుడిచేశారన్న చోట ఆయన ఇస్త్రీ ఆపేశాడు. నేను మాత్రం ఆపలేదు. దరఖాస్తు ఎవరు పెట్టాలి, జడ్జి ఏం అడుగుతారు, నాకు పెద్దవాళ్ళ వయసొచ్చింది కాబట్టి నా ఒప్పుకోలు చాలు... నాకు తెలిసింది గోరంత, చెప్పింది కొండంత.

"ఇంత పిల్లని దత్తతేంటే?" అన్నాడు చివరికి. "ఉయ్యాల ఎక్కడ కట్టను?" అని నవ్వబోయి, గోడ మీదున్న ఫోటో వంక చూశాడు. కన్న నాన్న ఫోటో అది. దాని అద్దం తుడిచేది ఎప్పుడూ ఈయనే. నన్ను తుడవనివ్వడు, మరకలు పడతాయంటాడు. "మరి ఆయనో?"

"ఆయనకేం కాదు నాన్నా. ఆయన గీత ఆయనది, నీ గీత నీది."

"ఏమోనమ్మా. చదువుకుంటున్నదానివి, నీకే తెలియాలి."

అంతలో కమురు వాసన వచ్చింది. ఇస్త్రీపెట్టె చొక్కా మీదే పెట్టేసి నిలబడ్డాడు మనిషి. కాలర్ మొత్తం మాడిపోయింది. ఎప్పుడైనా నేను ఒక గుండీ ఊడగొట్టుకుంటే గంట క్లాసు పీకేవాడు, ఆ మాడిన చొక్కా పట్టుకుని పిచ్చివాడిలా నవ్వుతున్నాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. వేశాను కూడా.

మా నాన్న నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాటికల్లా ఆయన లిఫ్టులు చూసే ప్రతి భవనంలో ప్రతి వాచ్‌మన్‌కీ తెలిసిపోయింది. ఆయన తోటి మెకానిక్కులు మిఠాయి పొట్లంతో ఇంటికొచ్చారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే మరి. "కోర్టుకి ఏ చొక్కా వేసుకోను?" అని అద్దం ముందు నిలబడి రెండ్రోజులు నా ప్రాణం తీశాడు.

తర్వాతి క్లాసులో ముందు బెంచీ నాదే. డస్టర్ సార్ రాగానే బోర్డు మీద నా బొమ్మనే మళ్ళీ గీశారు. "మొన్న సగంలో వెళ్ళిపోయిన అమ్మాయి కోసం" అన్నారు. నాన్న చుక్క నుంచి నా చుక్కకి కొత్త గీత లాగారు. నేను చప్పట్లు కొట్టాను. క్లాసంతా కొట్టింది. సార్ చప్పట్లు ఆగేదాకా ఉండి, డస్టర్ తీసుకుని బోర్డుకి ఇంకో పక్కకి నడిచారు.

"దత్తత అంటే ఒక ఇంట్లోంచి లేచి ఇంకో ఇంట్లో కూర్చోవడం. మన చట్టంలో రెండిళ్ళలో కూర్చోవడం కుదరదు. కొత్త గీత పడిన మరుక్షణం పుట్టుక గీత పోతుంది." అమ్మ ఎలాగూ నాన్న భార్యే కాబట్టి ఆ గీత ఉంచి, కన్న నాన్న నుంచి నాకున్న గీత తుడిచేశారు.

"సార్, నానమ్మ?"

"తండ్రి గీతే కదమ్మా నానమ్మకి దారి. ఆ దారి పోయాక ఆవిడకి నువ్వు ఎవరూ కావు."

ఎప్పుడూ నవ్వుతూ చెప్పే మనిషి ఆ మాట మాత్రం మెల్లగా చెప్పారు. తెలిసీ తెలియని చదువుతో నాన్నకి ఆశ పెట్టాను. పైగా "ఆయనకేం కాదు" అని ధీమాగా చెప్పాను. ఇప్పుడు ఇటు లాగితే అటు తెగుతుంది, అటు ఆపితే ఇటు అతకదు. నాకు ఇద్దరూ కావాలి. ఒక్కరు తక్కువైనా ఒప్పుకోను.

కాలేజీ నుంచి నేరుగా నానమ్మ దగ్గరికే పోయాను. మా ఇంటికి రెండు వీధుల అవతల, లాండ్రీ పైన ఒకే ఒక్క గది ఆవిడది. ఒకప్పుడు నర్సుల యూనిఫాములు కుట్టేది. ఎనభై దాటినా కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తుంది, సూది లేకుండా మనుషుల్ని కుట్టేస్తుంది. గుండె బలహీనంగా ఉందన్నారు డాక్టర్లు. నోటికి మాత్రం ఏ బలహీనతా లేదు. అమ్మ రెండో పెళ్ళికి ముందు వరసలో కూర్చుని, పెళ్ళికొడుకు చొక్కా భుజం దగ్గర కుట్టు వంకరగా ఉందని గొడవ పెట్టిందట. ఆ రోజు మొదలు నాన్న ఆవిడకి 'లిఫ్టోడు'. ఆదివారం వస్తే చాలు ఆయన పానా పట్టుకుని అక్కడ తేలతాడు. కుళాయి బిగిస్తాడు, మిషనుకి నూనె వేస్తాడు, మందుబిళ్ళలు డబ్బాలో సర్దుతాడు. ఆవిడ తిడుతూ ఉంటుంది, ఆయన "అలాగేనండీ" అంటూ ఉంటాడు. పద్నాలుగేళ్ళుగా ఇదే వరస.

నేను చెప్పింది నానమ్మ కుట్టు ఆపకుండానే వింది. దత్తత అన్నప్పుడు కూడా మిషను తొక్కుతూనే ఉంది. "మంచిదే, ఇన్నాళ్ళకి బుద్ధి పుట్టింది ఇద్దరికీ" అంది. గీత తుడిచేస్తారన్నాక కాలు ఆగింది.

"అంటే నేను నీకేమవుతాను?"

నేను గచ్చు మీద పడ్డ దారప్పోగులు ఏరడం మొదలుపెట్టాను.

"అడుగుతుంటే నిన్నే! లా చదువుతున్నావుగా, చెప్పు."

"చట్టప్రకారం... ఏమీ కావు నానమ్మా."

"ఓహో." గుడ్డ మడిచి పక్కన పెట్టింది. "నా కొడుకుని ఒకసారి దేవుడు పట్టుకుపోయాడు. వాడి తాలూకు మిగిలింది నువ్వొక్కదానివి. ఇప్పుడు నిన్ను నీ చట్టం పట్టుకుపోతుందన్నమాట."

నేను భోరుమన్నాను. సరిగ్గా అప్పుడే నాన్న మెట్లెక్కి వచ్చాడు, చేతిలో కుళాయికి కొత్త వాషరు. గుమ్మంలోనే అంతా విన్నాడని ఆయన మొహం చూస్తేనే తెలిసింది. వాషరు జేబులో వేసుకున్నాడు.

"వదిలేద్దాం చిట్టీ" అన్నాడు. "ఆవిడకున్నది ఆ ఒక్క గీతే. నాకేం, గీతలు లేకపోవడం నాకు చిన్నప్పట్నించీ అలవాటే."

"మరి మిఠాయిలు తినిపించావుగా అందరికీ!" అని అరిచాను ఏడుస్తూనే. ఆ సమయంలో ఆ మాటెందుకొచ్చిందో నాకే తెలీదు.

"తిన్నవాళ్ళు కక్కమంటారా ఏంటి? ఏదో చెబుతాలే."

నానమ్మ స్టూలు వెనక్కి నెట్టి లేచింది. "ఇదిగో, నా ఇంట్లో త్యాగాలు చేశావంటే చీపురు తిరగేస్తాను. ఏం, నువ్వొక్కడివే మంచివాడివీ, నేను రాక్షసినీనా? పిల్ల నీది కాదని నేనెప్పుడన్నా అన్నానా? దానికి జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నది నువ్వు కాదా? దానికి జడలు వెయ్యడం నా దగ్గర కూర్చుని నేర్చుకున్నది నువ్వు కాదా, గుడ్డపీలికలు కుర్చీ కోడుకి కట్టి?"

"నేనేమన్నానండీ ఇప్పుడు..."

"ఏమీ అనవు! అదే నీతో వచ్చిన తంటా!" ఆవిడ అరికాలి మంట నెత్తికెక్కింది. నా వైపు తిరిగింది. "ఏమే, మీ చట్టానికి కళ్ళు లేకపోతే నీకు బుర్ర లేదా? వీడికి నువ్వు కూతురివైతే నాకు కాకుండా పోతావు, అంతేగా నీ ఏడుపు? అంత గీతల పిచ్చయితే ముందు ఈ లిఫ్టోణ్ణి నాకు కొడుకుగా రాయించు. ఆ తర్వాత నిన్ను వాడికి రాయించుకో. ఎవడొద్దన్నాడు!"

దెప్పడానికే అంది. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ నా ఏడుపు టక్కున ఆగిపోయింది.

"నానమ్మా, ఏమన్నావ్?"

"ఏమన్నాను? చీపురు తిరగేస్తానన్నాను."

"అది కాదు, ఆ తర్వాత!"

నానమ్మ నోరు తెరిచి, మూసి, తను అన్న మాట తనే మళ్ళీ విన్నట్టు చూసింది. నాన్న కదలకుండా నిలబడిపోయాడు. నేను నేల మీద కూలబడి, కుట్టు సుద్ద తీసుకుని గచ్చు మీదే గీశాను. నానమ్మ చుక్క. దాని కింద నాన్న చుక్క. నాన్న కింద నేను. పైనించి కిందిదాకా ఎక్కడా తెగలేదు. కన్న నాన్న పక్కనే ఉన్నారు, నాన్నకి అన్నగా.

"కుదురుతుందా?" అంది నానమ్మ. ఆవిడ అంత చిన్న గొంతుతో మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

కుదురుతుందో లేదో నాకేం తెలుసు! ఈసారి సగం విని పరిగెత్తేంత తెలివితక్కువదాన్ని కాను. మర్నాడు సాయంత్రం డస్టర్ సార్ తన ఇంటికి బయల్దేరుతుంటే స్టాఫ్ రూం గుమ్మంలో అడ్డంగా నిలబడి, "సార్, పూర్తిగా వింటాను, పూర్తిగా చెప్పండి" అన్నాను. చెప్పులు విప్పి మళ్ళీ లోపలికి నడిచారు ఆయన. బల్ల మీదే సుద్దతో గీసుకున్నారు. ఒకసారి పైనించి కిందికి చూశారు, ఒకసారి కిందనించి పైకి చూశారు. నాన్నకి సొంతవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగారు. ఎవరూ లేరన్నాను. "అయితే ఆయన వైపు తెగడానికి గీతే లేదు" అని గొణిగి, లేచి నిలబడ్డారు.

"ఎవరికొచ్చింది ఈ ఆలోచన?"

"మా నానమ్మకి సార్. కోపంలో."

"ఇన్నేళ్ళుగా చెబుతున్నాను ఈ పాఠం. శాంతంగా ఉన్నవాళ్ళెవరికీ రాలేదు చూశావా!" అని పెద్దగా నవ్వారు. బల్ల మీద బొమ్మ అలాగే వదిలేశారు. ఆ వెంటనే వేలెత్తారు. "ఇల్లలకగానే పండగ కాదమ్మా. జడ్జి ఒప్పుకోవాలి. బంధం నిజమా, లేక చట్టాన్ని మెలి తిప్పడానికి ఆడుతున్న నాటకమా అని చూస్తారు. గట్టిగానే అడుగుతారు. కాదంటే రెండూ పోతాయి."

రెండు దరఖాస్తులూ ఒకేసారి వేద్దామన్నారు సార్. ఏది ముందు విన్నా ఆఖరికి బొమ్మ ఒక్కటే అన్నారు. నానమ్మ మాత్రం ససేమిరా అంది. "ముందు నాది తేలాలి. పిల్లదాన్ని ముందు వాడికి రాసేసి, నన్ను తర్వాత చూద్దామంటే, ఆ మధ్యలో ఈ గుండె ఆగిందనుకో? నా మనవరాలికి ఏమీ కాని ముసలిదానిగా పోవాలా నేను? ముందు కొడుకు. తర్వాత కూతురు." ఆ మాటకి సార్ కూడా ఎదురు చెప్పలేదు. ఆ వరసలోనే వేశారు, తనే మా తరఫున కోర్టుకి వస్తానన్నారు.

ఇక నా హడావిడి చూడాలి. ఇద్దర్నీ కూర్చోబెట్టి సాక్షులకి చెప్పినట్టు పాఠాలు చెప్పాను. "అడిగినదానికే జవాబు చెప్పాలి. జడ్జిగారు సమ్మతమేనా అంటే సమ్మతమేనండి అనాలి, అంతే" అని నాన్న చేత వల్లె వేయించాను. ఆయన లిఫ్టు గుంటలో కూర్చుని కూడా "సమ్మతమేనండి, సమ్మతమేనండి" అనుకుంటున్నాడని ఆయన తోటివాళ్ళు నవ్వారు. నానమ్మకి చెప్పబోతే, "నీకు మాటలు నేర్పిందే నేను" అని పొమ్మంది.

కుటుంబ కోర్టు గది నేననుకున్నంత పెద్దది కాదు. మా క్లాసు గదిలో సగం ఉంటుంది. నాలుగు వరసల కుర్చీలు, గోడకి చప్పుడు చేసే ఫ్యాను. జడ్జి ఒకావిడ, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, నవ్వు మొహం కాదు. రెండు దరఖాస్తులూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇలాంటిది నా దగ్గరికి రాలేదు ఇంతవరకూ" అంది ఆవిడ సార్‌తో. "రెండు ఒకే రోజు, ఒకే ఇంటినుంచి. ఇది బంధం కోసమా, చదువు కోసమా?" అని నా వైపు చూసింది. లా స్టూడెంటునని అందులో రాసి ఉంది మరి.

నానమ్మని పిలిచారు. కుర్చీ వేస్తే కూర్చోనంది.

"మీరు ఈయన్ని కొడుకుగా తీసుకోవాలనుకుంటున్నారు. ఆస్తి విషయం ఏమైనా ఉందా?"

"ఆస్తా? నాకో కుట్టుమిషనుంది తల్లీ. అది కూడా వీడు బాగుచేస్తే తిరుగుతోంది."

"పోయిన మీ అబ్బాయి స్థానంలోకి ఈయన్ని తెచ్చుకుంటున్నారా?"

"స్థానమేంటమ్మా, బస్సులో సీటా ఒకరు దిగితే ఒకరు కూర్చోడానికి? వాడిది వాడికుంది. వీడిది వీడికి."

నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. అడిగినదానికే జవాబు చెప్పాలని ఎంత బతిమాలాను!

జడ్జి ముందుకు వంగింది. "మనవరాలి మాట పక్కన పెట్టండి. ఆ రెండో దరఖాస్తు లేదనుకోండి. అప్పుడు కూడా ఈయన్ని కొడుకుగా అడుగుతారా?"

నేను ఈ ప్రశ్న ఊహించలేదు. సార్ కూడా ఊహించలేదని ఆయన చెయ్యి గడ్డం మీదికి పోవడం చూసి తెలుసుకున్నాను. ఇది తప్పితే రెండూ పోతాయి. నానమ్మ నాన్న వైపు తిరిగి, ఆ మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు కిందినుంచి పైదాకా చూసింది.

"ఎలాంటివాడు పుడతాడో చూసుకుని కంటామా తల్లీ?" అంది. "ఏ తల్లికీ ఆ అదృష్టం ఉండదు. నాకు దొరికింది. వీణ్ణి పద్నాలుగేళ్ళు చూశాను. రోజూ వంకలు వెతికాను, నా కళ్ళు ఇంకా బాగానే పనిచేస్తాయి. చొక్కా కుట్టులో దొరికింది గానీ మనిషిలో దొరకలేదు. మనవరాలున్నా లేకున్నా నాకు వీడు కావాలి. ఇంతకుముందే అడగాల్సింది, నా నోటికి మంచి మాటలు తొందరగా రావు."

జడ్జి ఏదో రాసుకుంది. తల ఎత్తకుండానే నాన్నని లేవమంది.

"ఈవిడని తల్లిగా స్వీకరించడం మీకు సమ్మతమేనా?"

నేను ముందు వరసలో కూర్చుని పెదాలు కదిపాను, సమ్మతమేనండి అని. నాన్న నన్ను చూడనేలేదు. రెండు చేతులూ ముందున్న అడ్డకర్ర మీద పెట్టి నిలబడ్డాడు. నోరు తెరిచాడు, మాట రాలేదు. జడ్జి మళ్ళీ అడిగింది. మళ్ళీ రాలేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి. అన్ని రోజులు వల్లె వేసింది ఒక్క మాట, అదీ మర్చిపోయాడా!

"ఏమైనా సందేహం ఉందా?" అంది జడ్జి.

"ఒకటే ఉందండి" అన్నాడు నాన్న. "నాకు యాభై దాటాయండి. చిన్నప్పుడు ఆశ్రమంలో ఎవరైనా పిల్లల కోసం వస్తే మమ్మల్ని వరసగా నిలబెట్టేవారు. కాస్త పెద్దయ్యాక ఇక నిలబెట్టడం మానేశారు, వయసు దాటిపోయింది, ఇక ఎవరూ తీసుకోరన్నారు. ఇప్పుడు... ఈ వయసులో కూడా అమ్మని ఇస్తారాండి?"

ఈ వరసలో నిలబెట్టే సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు ఆయన. ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఉన్నాం, ఏదీ దాచుకోలేని నోరు ఆయనది, ఇదొక్కటి ఎలా దాచుకున్నాడో! నేను నా గీత కోసమే ఇంత గోల చేశాను. ఆయన గీత కోసం ఆయనెంత కాలంగా నిలబడి ఉన్నాడో నాకు తట్టనే లేదు. ఏడుపు ఆపుకోలేకపోయాను, ఆపుకోవాలనీ అనిపించలేదు.

జడ్జి కలం కింద పెట్టింది. "ఇస్తామండి" అంది. "చట్టంలో దీనికి పై వయసు లేదు."

"అయితే సమ్మతమేనండి" అన్నాడు నాన్న. అప్పటికే నానమ్మ ఆయన మోచెయ్యి దొరకబుచ్చుకుంది. "మరీ చొక్కాతో తుడుచుకోకు, అందరూ చూస్తున్నారు" అని చెంగు అందించి, అదే చెంగుతో తనూ తుడుచుకుంది.

మొదటి దాని మీద సంతకమైంది. రెండోది తీశారు. నన్ను పిలిచారు. నా బ్యాగులో నేను రాసుకొచ్చిన వాదన కట్టలు కట్టలు ఉంది. ఒక్క ముక్క గుర్తు లేదు. లేచి నిలబడ్డాను. నాన్న, నానమ్మ ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు.

"ఈయన్ని తండ్రిగా..." అని మొదలుపెట్టింది జడ్జి.

"సమ్మతమే!"

"నేనింకా అడగడం పూర్తి చెయ్యలేదమ్మా."

"చెయ్యండి మేడం" అన్నాను. "ఈసారి పూర్తిగా వింటాను. కానీ సమ్మతమే."